రేడియో చెప్పిన రెండంకెలు

మాది కర్నూలు జిల్లా పడమటి సీమలోని దేవనకొండ. ఆదోనికి తూర్పున, పత్తికొండకు ఉత్తరమున నుండు మెట్టప్రాంతము. వాన కురిసిన యేట వేరుసెనగ, పత్తి పండును. కురియని యేట ఇంటికి తాళము వేసి, పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు సీమకు మిరపకోతకు పోవుట మా చుట్టుపట్ల గ్రామములలో ఎందరికో తప్పని పని. మేము ఇద్దరము తోడికోడండ్రము. ఒక్క వంటయిల్లు, ఒక్క అత్తగారు. ఈ నాలుగు మాటలు ఇద్దరము కూర్చుండి వ్రాయుచున్నాము గనుక 'మేము' అనుచున్నాము. మాలో పెద్దదాని కూతురి చదువు నిలిచిపోవలసిన సమయమున, అక్షరము రాని మా యత్తగారి నోట వెలువడిన రెండంకెలు దాని నెట్లు నిలువబెట్టెనో చెప్పుటయే మా యుద్దేశము. దానితోబాటు అలల లెక్క యొకటి మీకును తెలియును. అది చారు కాచుటకంటె కష్టమైనది కాదు.

ఆ సంవత్సరము వాన మోసము చేసెను. కార్తికము నాటికి చేనిలో వేరుసెనగ కట్టె యున్నది గాని కాయ లేదు. విత్తనములకు తెచ్చిన అప్పు మాత్రము తన పెరుగుదల మానలేదు. సంక్రాంతి దాటగనే గుంటూరు వైపు పోవలెనని ఇంటి మగవారు నిశ్చయించిరి. అమ్మాయి అప్పుడు తొమ్మిదవ తరగతి. "దానినిగూడ తీసుకపోదాము. రెండు చేతులు ఎక్కువైతే అప్పు అంత తొందరగా తీరుతుంది" అని దాని తండ్రి యనెను. మేము వలదంటిమి. ఆ మాట జరుగుచుండగనే బడినుండి భౌతికశాస్త్రపు పరీక్షకాగితము వచ్చెను. ధ్వని పాఠములోని ప్రశ్నలన్నిటి ప్రక్కను ఎఱ్ఱసిరాతో అడ్డగీతలు. ఆయన దానిని త్రిప్పి చూచి, "దీనికి చదువు అంటుకోలేదు గదా, ఇంక దేనికి?" అని మా చేతి కిచ్చి వెడలిపోయెను. కాగితము చేతిలో నుండగా మేమేమి వాదింపగలము?

ఆ రాత్రి అందఱు పరుండిన పిమ్మట అమ్మాయిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని కాగితము చదివితిమి. 'ఒక ధ్వని యొక్క పౌనఃపున్యము రెట్టింపయిన, గాలిలో దాని వేగమేమగును?' అని ప్రశ్న. 'రెట్టింపగును' అని దాని జవాబు. అడ్డగీత. "ఎందుకు తప్పో నాకు తెలియలేదు చిన్నమ్మా. పుస్తకములో ఉన్నదే వ్రాసితిని" అని అది కన్నీరు పెట్టుకొనెను. పుస్తకము తెఱచి చూపెను. తరంగవేగము అనగా పౌనఃపున్యమును తరంగదైర్ఘ్యముచే గుణించిన లబ్ధము అని యందున్నది. గుణించెడి వానిలో నొకటి రెట్టింపయిన లబ్ధము రెట్టింపు కావలసినదే గదా! మాలో చిన్నది ఇంటరు వరకు చదివినది. దానికిని పిల్ల జవాబే సరియని తోచెను.

ఈ పెద్ద మాటలకు భయపడకుడు. నీళ్ల తొట్టిలో వ్రేలు ఆడించినయెడల అలలు లేచును. సెకనుకు ఎన్ని అలలు లేచునో ఆ యెన్నిక పౌనఃపున్యము. ఒక అల మిట్టనుండి దాని ప్రక్క అల మిట్టవరకు గల దూరము తరంగదైర్ఘ్యము, అనగా అల పొడవు. అల సెకనుకు ఎంత దూరము సాగునో అది వేగము. సెకనుకు 5 అలలు లేచి, ఒక్కొక్కటి 4 సెంటీమీటర్ల పొడవు గలదైనచో, మొదటి అల సెకనులో 20 సెంటీమీటర్లు సాగి యుండును. లెక్కలో చిక్కు లేదు. చిక్కంతయు, వీనిలో నొకటి మారినప్పుడు తక్కిన రెంటిలో ఏది మారును, ఏది మారదు అను దానియందున్నది.

మా మాటలు వినుచు మంచముమీద మేలుకొనియున్న అత్తగారు, "ఏమే, మీరు అనే మీటర్లు రేడియోలో చెప్పే మీటర్లేనా?" అని యడిగెను. అవునో కాదో మాకు తెలియలేదు. ఆమె కండ్లు మూసికొని, "మూడువందల ముప్పైమూడు పాయింటు మూడు మీటర్లు, తొమ్మిదివందల కిలోహెర్ట్జులు. అది మా కడప" అని తడబడక చెప్పెను.

ఆమె రేడియో కథ కొంత చెప్పవలెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలోను, 1963లో కడపలోను ఆకాశవాణి కేంద్రములు వెలసెను. మామగారు ఒక మంచి పంట యేట వేరుసెనగ డబ్బుతో నొక రేడియో కొని తెచ్చిరి. ఉదయము పొయ్యి రాజేయునప్పుడు మొదలు రాత్రి దీపము తగ్గించువరకు అత్తగారికి అదియే చుట్టము. ప్రసారము మొదలైనప్పుడెల్ల కేంద్రము పేరు, వెంటనే మీటర్లలో నొక అంకె, కిలోహెర్ట్జులలో నొక అంకె చెప్పుట ఆనాటి వాడుక. వేంకటేశ్వరుని సుప్రభాతమువలెనే ఆ అంకెలును ఆమెకు కంఠస్థమాయెను. వాని యర్థమేమో ఆమె యెన్నడు నెవరి నడుగలేదు. చెప్పువారును లేరు.

అమ్మాయి కన్నీరు తుడుచుకొని కాగితము తీసికొనెను. 333.3ను 900తో గుణించెను. 2,99,970 వచ్చెను. మాలో చిన్నది తన పుట్టినింట వినియున్న హైదరాబాదు అంకెలు చెప్పెను: 406.5 మీటర్లు, 738 కిలోహెర్ట్జులు. అమ్మాయి గుణించెను. 2,99,997. విజయవాడవి 358.4 మీటర్లు, 837 కిలోహెర్ట్జులు. లబ్ధము 2,99,980 పైచిలుకు. మూడు కేంద్రములు, మూడు వేర్వేరు అంకెల జతలు. లబ్ధము మాత్రము ఇంచుమించు మూడులక్షలు! దశాంశములను కుదించి చెప్పుటవలన వచ్చిన కొద్దిపాటి భేదము తప్ప వేరు భేదము లేదు. మేము ముగ్గురమును ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి.

ఆ మూడులక్షలు ఏమో పుస్తకములోనే యున్నది. కిలోహెర్ట్జనగా సెకనుకు వేయి అలలు. వేయి మీటర్లు ఒక కిలోమీటరు. కావున మీటర్లను కిలోహెర్ట్జులతో గుణించిన వచ్చునది సెకనుకు ఇన్ని కిలోమీటర్లు అను వేగము. వెలుగు సెకనుకు 2,99,792 కిలోమీటర్లు పోవును. రేడియో అలయు వెలుగు జాతిదే గనుక దాని పరుగును అంతియే. కడపవారు సెకనుకు తొమ్మిదిలక్షల అలలు లేపినను, హైదరాబాదువారు ఏడులక్షల ముప్పదియెనిమిదివేలే లేపినను, రెండును ఒకే వేగముతో వచ్చును. ఎక్కువ అలలు లేపినవారి అల పొట్టిది. తక్కువ లేపినవారి అల పొడుగుది. అంతే.

"అయితే అవ్వా, అల్లాడించేవారు తొందరపడినా అల తొందరపడదా?" అని అమ్మాయి యడిగెను. అత్తగారికి అలల సంగతి తెలియదు. నడక తెలియును. "శ్రావణములో ఉరుకుంద ఈరన్న దగ్గరికి నిన్ను నడిపించుకొని పోయినప్పుడు నీకు ఆరేండ్లు. నేను ఒక అడుగు వేసేలోపల నువ్వు ఒకటిన్నర వేసేదానివి. అయినా నా చెయ్యి విడువలేదు, నాకంటె ముందు పోలేదు. నీ అడుగు చిన్నది గదనే!" అనెను.

మరునాడు ఉదయము అమ్మాయి కుట్టుమిషను టేపు తీసికొని, చిన్నదాని కొడుకును, అవ్వను వీధిలో చేయి పట్టించి నడిపించెను. అవ్వ అడుగు ఇంచుమించు 60 సెంటీమీటర్లు, నిమిషమునకు 100 అడుగులు. పిల్లవాని అడుగు 40 సెంటీమీటర్లు, నిమిషమునకు 150. రెండు లెక్కలును నిమిషమునకు 60 మీటర్లే! చేయి పట్టుకొని నడచువారి వేగము ఒక్కటియే కావలెను గనుక, అడుగుల యెన్నిక పెరిగినవాని అడుగు పొడవు తగ్గి తీరవలెను. పరీక్షలో అమ్మాయి మఱచిన దిదియే. పౌనఃపున్యము రెట్టింపయినప్పుడు తరంగదైర్ఘ్యము సగమగును. రెండింతలను సగముతో గుణించిన మొదటి లబ్ధమే.

ఇది రేడియో మాట. ధ్వని మాట యేమి? దానికి నిదర్శనము మనమందఱము వినియున్నాము. పెండ్లి ఊరేగింపు ఊరి యవతలి చివర నున్నప్పుడు మనము అరుగుమీద కూర్చుండి మేళము విందుము. సన్నాయి కూత సన్నది, అనగా సెకనుకు ఎక్కువ అలలు. డోలు దెబ్బ లావు, అనగా తక్కువ అలలు. సన్నని ధ్వనికి వేగ మెక్కువైనచో సన్నాయి ముందు వచ్చి, డోలు వెనుకబడి, పాట యంతయు తాళము తప్పి వినబడవలసినది. అట్లు ఎన్నడైన వింటిమా? ఎంత దూరమునుండి విన్నను తాళము తప్పదు. ఆడువారి మాటలో సెకనుకు సుమారు 200 అలలుండును, ఒక్కొక్క అల గాలిలో 1.7 మీటర్ల పొడవు. మగవారి మాటలో సుమారు 100, అల పొడవు 3.4 మీటర్లు. రెండును సెకనుకు 340 మీటర్లే పోవును. గొంతు లావైనంత మాత్రమున మాట ముందుగా చేరదని మేము నవ్వుకొంటిమి.

మఱి వేగమును నిర్ణయించునది ఎవరు? దారియే. చలికాలపు ఉదయమున 15 డిగ్రీల వేడిమిలో ధ్వని సెకనుకు 340 మీటర్లు పోవును. మా సీమ ఎండలు 42 డిగ్రీలైనప్పుడు గాలి వేడెక్కి, అదే ధ్వని సుమారు 356 మీటర్లు పోవును. పాడువారి యిష్టము కాదు, గాలి యిష్టము. దీనిని ఇంటిలోనే చూడవచ్చును. చేదతాడు ఒక కొన అరుగు స్తంభమునకు కట్టి, రెండవ కొన చేత బట్టి మెల్లగా ఊపుడు. ఒక్క పెద్ద వంపు కనబడును. వేగముగా ఊపుడు. వంపులు రెండగును, మూడగును, పొట్టివగును. తాడు మాత్రము అదే తాడు, అందులో అల పరుగు అదే పరుగు. ఆ పరుగు పెరుగవలెనన్న చేయి యెంత తొందరగా ఊపినను ప్రయోజనము లేదు, తాడును బిగించి లాగవలెను.

కావున మువ్వురిలో ఎవరి మాట చెల్లునో తెలిసినది. ఎన్ని అలలు లేపవలెనో లేపువాని యిష్టము. ఎంత వేగముగ పోవలెనో దారి యిష్టము. ఈ యిద్దఱి మాటయు చెల్లునట్లు తాను సాగియో కుదించుకొనియో సర్దుకొనునది అల పొడవు. "అయితే తరంగదైర్ఘ్యము ఇంటి కోడలన్నమాట" అని మాలో చిన్నది యనెను. అత్తగారుకూడ నవ్వెను.

ఈ లెక్క వలన లోకమునకు కలిగిన మేలు తక్కువది కాదు. విద్యుత్తు, అయస్కాంతము కలిసి అలలై పరుగెత్తునని, ఆ పరుగు వెలుగు పరుగునకు సమానమని మాక్స్‌వెల్ 1865లో లెక్కకట్టి ప్రకటించెను. కంటికి చూపినవారు లేరు. జర్మనీదేశపు హెర్ట్జు అను పండితుడు 1887, 1888 సంవత్సరములలో నిప్పురవ్వల సాధనముతో అట్టి అలలు లేపి, తుత్తునాగపు రేకుమీద కొట్టి మరలించి, అల పొడవును గదిలోనే కొలిచెను. అలల యెన్నికను సాధనము నిర్మాణమునుబట్టి లెక్కించెను. రెంటిని గుణింపగా వెలుగు వేగమే వచ్చెను. మా అత్తగారి రేడియోలోని హెర్ట్జు ఆయన పేరే. ఆయన 1894లో 36 ఏండ్లకే మరణించెను. ఆ మరుసటి యేటనే కలకత్తాలో జగదీశచంద్ర బోసు మిల్లీమీటర్లలో కొలువదగిన పొట్టి అలలతో ప్రయోగములు చూపెను. 5 మిల్లీమీటర్ల అలకు సెకనుకు ఆరువేల కోట్ల అలలు. గుణించి చూడుడు, మరల ముప్పది కోట్ల మీటర్లు, అనగా మూడులక్షల కిలోమీటర్లే వచ్చును.

అమ్మాయి మఱియొక వింత కనిపెట్టెను. 900, 738, 837 మూడును 9తో నిశ్శేషముగ భాగింపబడును. దానికి కారణము బడిలో ఉపాధ్యాయుని నడిగి తెలిసికొనెను. ఒక కేంద్రపు అలలు మఱియొక దానిలో కలిసిపోకుండుటకై ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండములలో మధ్యమతరంగ కేంద్రములన్నిటిని 1978 నవంబరులో 9 కిలోహెర్ట్జుల యెడముతో సర్దిరట. అల పొడవు వలన ఇంకొక ప్రయోజనమును కలదు. కడపకును మాకును నడుమ ఎఱ్ఱమల గుట్టలున్నవి. 333 మీటర్ల అల గుట్టలను ఒరసికొని వంగి వచ్చును. ఎఫ్.ఎం. కేంద్రముల అల సుమారు 3 మీటర్లే గనుక దానికి గుట్ట అడ్డగును. రేడియోలో కడప వినబడుటకు, దూరపు ఎఫ్.ఎం. వినబడకుండుటకు గల భేదములో ఇదియు నొకటి.

ఇక మా యింటి మాట. సంక్రాంతి వెళ్లిన మూడవనాటి రాత్రి మూటలు కట్టుచుండగా అమ్మాయి తండ్రి వచ్చి కూర్చుండెను. తల్లి యింతకాలము దాచుకొన్న మాట అప్పుడనెను: "వాన తగ్గినది, అప్పు తగ్గదు. లెక్క సరిపోవుటకు ప్రతిసారి కుదించుకొనవలసినది పిల్ల చదువేనా? అది తరంగదైర్ఘ్యమా యేమి?" ఆయనకు మాట అర్థము కాలేదు. అమ్మాయి కాగితము తెచ్చి రేడియో అంకెలు చూపెను. నడక లెక్క చెప్పెను. అవ్వ సాక్ష్యము చెప్పెను. ఆయన చాలసేపు ఊరకుండి, జేబులోని సెల్లుఫోను తీసి, "ఇదికూడ రేడియోనే యంటివి గదా, దీని అల యెంత పొడవు?" అని యడిగెను. సెల్లుఫోనులలో కొన్ని 900 మెగాహెర్ట్జుల చుట్టుపట్ల పలుకునని మాస్టరు చెప్పియుండిరి. అమ్మాయి వ్రేళ్లమీద లెక్కించి, "కడపదీ తొమ్మిదివందలే, దీనిదీ తొమ్మిదివందలే. కాని అది కిలో, ఇది మెగా, వేయిరెట్లు. కాబట్టి అల వేయింట నొక వంతు, 33 సెంటీమీటర్లు, జానెడున్నర" అనెను. ఆయన జాన పెట్టి చూచెను. పిదప, "పరీక్షలు ఎప్పుడు?" అని మాత్రమే యడిగెను.

మాలో పెద్దదియు, మగవారిరువురును గుంటూరు వైపు పోయిరి. చిన్నది, అవ్వ, పిల్లలు ఇంట నిలిచితిమి. గేదెపాలు అమ్మి, ఉన్నదానిలో సర్దుకొంటిమి. కోత ముగిసిన సాయంకాలములలో ఆయన సెల్లుఫోనులో పిలిచి, "ఏమ్మా, ఈరోజు ఏమి గుణించితివి?" అని యడుగుచుండెడివాడు. ఉగాది దాటిన తరువాత వారు తిరిగివచ్చిరి. అప్పు కొంత మిగిలినది. అది మరుసటి పంటకు పోయెను. అమ్మాయి ఆ తరగతి దాటెను. ఇప్పుడు పదవ తరగతి చదువుచున్నది. మొదటి తరగతి వచ్చునని మేము గొప్పలు చెప్పము. తెలియని ప్రశ్న వచ్చిన ఏడ్వక, దేనిని మార్చిన ఏది మారునని మొదట అడుగుకొనుట నేర్చినది. అది చాలును.

సోదరీమణులారా! మీ యింట పాత రేడియో అటకమీద నున్నచో దించి, దాని అద్దము మీది అంకెలు పిల్లలకు చూపుడు. మీ యత్తగార్లను, అమ్మమ్మలను ఆనాటి మీటర్లు జ్ఞప్తియున్నవా యని యడుగుడు. ఎందఱికో నోటికి వచ్చును. పిల్లలను గుణింపనిండు. మా యత్తగారు మాత్రము ఇప్పుడు మఱియొక ప్రశ్న వేయుచున్నది: "ఇన్నేండ్లు ఆ అంకెలు చెప్పితిరి గదా, అర్థమేమో ఒక్కరైనా నాకెందుకు చెప్పలేదు?" ఆ ప్రశ్నకు మా యొద్ద జవాబు లేదు. రోజుకొక అక్షరము చొప్పున ఆమెకు అమ్మాయి ఓనమాలు దిద్దించుచున్నది.